గోడ అవతలి డబ్బా

మా ఇంట్లో ఎవరు ఏ నీళ్లు తాగి పెరిగారో పండ్లు చూసి చెప్పవచ్చు. బాపు పండ్లకు గోధుమరంగు చారలుండేవి. అమ్మ నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడు నీళ్లు తాగే మా సొంతూర్లో అవ్వ నడుము ఎంత వంగిపోయిందంటే, ఆకాశం చూడాలంటే ఆమె మంచం మీద పక్కకు తిరిగి పడుకోవాల్సిందే. నా పండ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను ఇంకా చంక దిగని పిల్లగా ఉన్నప్పుడే బాపు ఊరొదిలి, మమ్మల్ని వెంటబెట్టుకొని హుజూర్‌నగర్ దిక్కు, కాలువ నీళ్లు తాగే ఊరికి వచ్చాడు. పొలం కోసం రాలేదు, పని కోసం కూడా రాలేదు. నీళ్ల కోసం వచ్చాడు. పని ఆ తర్వాత వెతుక్కున్నాడు.

దొరికింది పత్తి మిల్లులో కాంటా గుమాస్తా పని. మా తాత గొర్లు కాసేవాడు, బాపు కూడా చిన్నప్పుడు మంద వెంట తిరిగినవాడే. పదో తరగతి దాకా చదివాడు కాబట్టి భుజాన గొంగడి పోయి చెవికి పెన్ను వచ్చింది. బండ్లు, ట్రాక్టర్లు పత్తి బోరాలు వేసుకొని వస్తాయి. కాంటా మీదికి ఎక్కుతాయి. బాపు తూకం చూసి చీటీ రాసిస్తాడు. ఆ చీటీతో రైతు సేటు దగ్గరికి పోతాడు. ఎన్నడూ ఒక్క రైతు కూడా బాపుతో తూకం గురించి పేచీ పెట్టుకోలేదని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

కాంటా గదికి ఒక పక్క కిటికీ. దాని అవతల కాంటా. ఇంకో పక్క తలుపు లేని ద్వారం, దాని అవతల గింజ తీసే యంత్రాలున్న పెద్ద హాలు. అక్కడి నుంచి పత్తి నూగు గాలిలో తేలుతూ వచ్చి గదిలో అన్నిటి మీదా వాలేది. మామూలు దుమ్ములాగా నేల మీద పడి ఊరుకోదది. మెల్లగా, పనీపాటా లేనట్టు తిరిగి తిరిగి కనురెప్పల మీద, చెవుల్లో, టీ గ్లాసులో చేరుతుంది. మధ్యాహ్నం నేను సద్ది తీసుకొని పోయేసరికి బాపు మీసం తెల్లబడి ఉండేది. చిన్నప్పుడు అది చూసి ముసలోడివైనవని ఎగతాళి చేసేదాన్ని. బాపు రుమాలు తీసి దులుపుకొని, ఇప్పుడు మల్ల పడుసోణ్ని అయిన చూడు అనేవాడు.

సాయంత్రం పని దిగే ముందు ఒక పెద్దమనిషి, హమాలీలందరిలో ముసలివాడు, బెల్లం గంప పట్టుకొని మిల్లంతా తిరిగేవాడు. ఆడా మగా తేడా లేకుండా అందరి అరచేతిలో తలా ఒక ముక్క పెట్టేవాడు. గొంతులోకి పోయిన పత్తిని బెల్లం కిందికి దించుతుందని నమ్మకం. పక్క మిల్లులో అది కూడా ఇవ్వరని, మా సేటు ధర్మాత్ముడని అందరూ అనేవారు. బాపు తన ముక్కలో సగం కొరికి, సగం రుమాలు కొసకు ముడి వేసుకొని నాకు తెచ్చేవాడు. ఆ బెల్లానికి రుమాలు వాసన, చెమట వాసన ఉండేవి. బాపు దగ్గు నాకు యాదికి ఉన్నంత కాలం నుంచి ఆ బెల్లం కూడా యాదికి ఉంది.

దగ్గు మొదట్లో పొద్దున పూటే వచ్చేది. తర్వాత దానికో పద్ధతి పడింది. వారంలో ఒకరోజు మిల్లు బందు. సెలవు మరునాడు పనిలోకి పోయాడంటే చాలు, ఛాతీ మీద బండ పెట్టినట్టయ్యేది, ఇంటికి చేరేసరికి మాట రాకపోయేది. వారం గడిచేకొద్దీ కొంచెం తగ్గేది. మళ్లీ సెలవు, మళ్లీ మరునాడు అదే బండ. బాపు బాగా ఆలోచించి దీనికి కారణం కనిపెట్టాడు. సెలవునాడు తలకు పోసుకుంటున్నందుకే జలుబు పట్టి గిట్లయితాందని తేల్చేశాడు. అప్పటినుంచి సెలవునాడు తలకు పోసుకోవడం మానేశాడు. అమ్మ కూడా అవునంది. ఉప్పునీళ్లు కాచడం, మిరియాలు నూరడం, నెత్తికి తువ్వాల చుట్టడం, అన్నీ చేశాం. అందరం కలిసి తలను అనుమానించాం కానీ మిల్లును అనుమానించలేదు. రోజూ అన్నం పెట్టేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

నేను ఇంటర్ చదివే ఏడు మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. తొంభైల నడుమ మాట. సేటు హైదరాబాద్ పోయి చూసి, మనసుపడి తెచ్చుకున్నాడు. కాంటా కూడా కొత్తది వేయించాడు, తూకం ఎర్ర అంకెల్లో పడేది. బాపు బల్ల మీద టీవీ లాంటిదొకటి, దాని కింద డబ్బా, ముందు అక్షరాల పలక. ఏది ఏమిటో వాటిని బిగించడానికి వచ్చిన ఇంజినీరు మాకు పేర్లు చెప్పాడు కానీ మిల్లులో అందరికీ అవి టీవీ, డబ్బా, పలకగానే మిగిలిపోయాయి. అయ్యగారు వచ్చి డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్లు దాని మీద చల్లబోతుంటే ఇంజినీరు ఉరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

ఇంజినీరంటే పెద్దవాడేమీ కాదు. హైదరాబాద్ పాతబస్తీ పిల్లగాడు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో. మాట తెలుగులో, తిట్టు ఉర్దూలో. బాపు పక్కన కూర్చొని ఓపికగా నేర్పాడు. ఒక్క వేలితో కొట్టుకుంటూ చీటీ అచ్చు వేయడం బాపు నేర్చేసుకున్నాడు. మొదటి చీటీ బయటికి రాగానే రైతుకు ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. రైతుకు ఇంకోటి కొట్టి ఇచ్చాడట. మా ఇంట్లో దేవుడి పటం వెనుక అది చాలాకాలం ఉంది. నేను సద్ది తీసుకుపోయినప్పుడు బాపు తింటుంటే ఆయన కుర్చీలో కూర్చొని నేనూ కొట్టేదాన్ని. నా వేళ్లు బాపు వేళ్లకంటే చురుకని ఆయనకు లోపల గర్వం, పైకి మాత్రం తప్పులు వెతికేవాడు.

ఆ ఏటి పత్తి సీజను సగం కూడా కాకముందే డబ్బా ఆగిపోయింది. ఎన్నిసార్లు మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఇంజినీరు బస్సెక్కి వచ్చాడు. నేను సద్ది గిన్నెతో అక్కడే ఉన్నాను. సేటు, సేటు బామ్మర్ది, బాపు చుట్టూ నిలబడ్డారు. మరలు విప్పి రేకు తీయగానే అందరం నోళ్లు తెరిచాం. లోపల తీగలు లేవు, పంకా లేదు, ఏమీ కనిపించలేదు. అంతా దూది. చిన్నపిల్లకు దిండు కుట్టవచ్చు, అంత దూది. ఇంజినీరు దాన్ని పొరలు పొరలుగా గుంజి బల్ల మీద పెడుతూ అన్న మాట నాకు నిన్న విన్నట్టుంది.

"దీనికి ఊపిరి ఆడలే సేటూ. మనిషైతే దగ్గేటోడు. ఇది చెప్పకుంట సచ్చింది."

సేటు తల పట్టుకున్నాడు. అంత నాజూకు సామాను దుమ్ములో పెట్టడం మనదే తప్పని ఒప్పుకున్నాడు. బాపు కూడా తలూపాడు. తలూపుతూనే దగ్గు వచ్చి, రుమాలు మూతికి పెట్టుకొని కాంటా కిటికీ దిక్కు తిరిగాడు. ఆ గదిలో అంతమందిమి ఉన్నాం. ఆ దగ్గు నాకొక్కదానికే వినబడిందో, అందరికీ అలవాటైపోయి చెవికి ఎక్కలేదో తెలియదు. ఎవరూ అటు చూడలేదు.

ఉపాయం ఇంజినీరే చెప్పాడు. టీవీ, పలక ఇక్కడే బల్ల మీద ఉండనీ. డబ్బాను మాత్రం దుమ్ము లేని గదిలో పెట్టి, నడుమ పొడుగు వైర్లు వేద్దాం. పలక వైరు ఎంత దూరమైనా ఫికర్ లేదు, టీవీ వైరు మరీ పొడుగైతే అక్షరాలు పలచబడతాయి, కాబట్టి పక్క గదిలోనే పెట్టాలి. పక్క గది సేటుది. ఎండాకాలం తాను పడుకోవడానికి ఏసీ పెట్టించుకున్న గది. డబ్బా కోసం సేటు దాన్ని వదులుకున్నాడు. ఆ మరునాడే మేస్త్రీని పిలిచి గోడకు బెజ్జం కొట్టించాడు. సీజను నడుమ, బండ్లు బారులు తీరి ఉండగా, పూటంతా కాంటా ఆపి మరీ కొట్టించాడు. వైర్లు దూర్చాక మిగిలిన సందులో దూది కుక్కుదామని మేస్త్రీ అంటే సేటు వాణ్ని కసిరాడు. సిమెంటు పెట్టి, పైన రంగు కూడా వేశారు. అటు నుంచి ఇటు నూగు పోగు కూడా పోకుండా.

టీవీ వైరు పొడుగైనందుకు అక్షరాలకు నీడ పడింది. ప్రతి అంకె పక్కన ఇంకో అంకె పలచగా. బాపు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కండ్లలో శుక్లాలు వచ్చాయని, తెలిస్తే పని పోతుందని భయపడి, మాకు కూడా చెప్పకుండా కంటి శిబిరానికి పోయి లైనులో నిలబడి చూపించుకున్నాడు. కండ్లు బాగున్నాయని డాక్టరు పంపించేశాడు. బాపుకు నమ్మకం కుదరలేదు. ఒకరోజు నేను కుర్చీలో కూర్చొని, ఇదేంది బాపూ అక్షరాలు జంట జంటగా కనవడుతున్నయి అంటే, ఆయన ముఖం చూడాలి. నీకు గూడ కనవడుతున్నయా అని రెండుసార్లు అడిగాడు. రోగం వైరుకు, మందు నీకా అని నేను నవ్వితే ఆయన కూడా నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు.

డబ్బా పోయిన గదిలోకి చెప్పులతో పోకూడదు. ద్వారం దగ్గర కాళ్లు తుడుచుకోవాలి, అంగీ దులుపుకోవాలి. పొద్దున పోయి మీట నొక్కి డబ్బాను లేపడం, సాయంత్రం ఫ్లాపీ పెట్టి లెక్కలు దింపుకోవడం బాపు పని. సేటు ఊర్లో లేకపోయినా ఏసీ నడిచేది. గది చల్లగా, నిశ్శబ్దంగా, దేవుడి గదిలాగా ఉండేది. వారం పది రోజులయ్యాక ఒకనాడు సద్ది తింటూ బాపు నాతో మెల్లగా అన్నాడు.

"డబ్బా పక్కపొంటి నిలవడితే పానం నిమ్మలమైతాంది బిడ్డా. ఆడ దగ్గు వస్తలేదు."

అప్పటినుంచి ఆయనకు ఆ గదిలో పనులు పుట్టుకొచ్చాయి. డబ్బా చప్పుడు తేడాగా ఉందంటాడు, పోయి చూసి వస్తాడు. నిన్న సాయంత్రం దింపిన ఫ్లాపీ మీద నమ్మకం లేదంటాడు, మళ్లీ పోయి దింపుతాడు. కుర్చీ ఒకటి ఉండేది కానీ అది సేటుది కాబట్టి దాని మీద కూర్చునేవాడు కాదు. డబ్బా పక్కన గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని నిలబడేవాడు. ఒకసారి నేను తలుపు సందులోంచి చూశాను. కండ్లు మూసుకొని నిలబడి గాలి పీలుస్తున్నాడు. ఆకలైన మనిషి అన్నం తిన్నట్టు పీలుస్తున్నాడు. నేను పిలవకుండా వెనక్కి వచ్చేశాను.

అది కూడా ఎన్నో రోజులు సాగలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సేటు బామ్మర్ది మా పూజారి. కాంటా గుమాస్తా మాటిమాటికీ లోపలికి పోతున్నాడని, ఆయన బట్టల మీది నూగు డబ్బాలోకి చేరుతుందని, తలుపు తీసినప్పుడల్లా దుమ్ము పోతుందని సేటు చెవిలో వేశాడు. సేటు కోపం చేయలేదు. బాపును పిలిచి మంచిగానే చెప్పాడు. ఇంక నువ్వు లోపలికి పోయే అవసరం లేదన్నాడు. కరెంటు మనిషిని పిలిపించి డబ్బా మీటను కూడా వైరు మీద ఇవతలికి తెప్పించి, బాపు బల్ల పక్కన గోడకు పెట్టించాడు. ఫ్లాపీ పని బామ్మర్ది తీసుకున్నాడు. పనికి పని తగ్గింది కదా అని హమాలీలు బాపును అభినందించారు కూడా. ఆ సాయంత్రం బాపు తెచ్చిన బెల్లం నేను తినలేదు.

ఆ నెలలోనే బాపును పట్టుబట్టి పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. కఫం పరీక్ష చేశారు, క్షయ కాదన్నారు. డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఏం పని చేస్తావని అడిగింది. పత్తి మిల్లనగానే గొట్టం తీసేసి, ఎన్నేండ్లని అడిగింది. సెలవు మరునాడు ఎక్కువయితాందా అని కూడా అడిగింది. మేము చెప్పకముందే ఆమెకు తెలిసినందుకు మాకు ఆశ్చర్యం. తలకు పోసుకున్నందుకు కాదని, పత్తి నూగుకని, ఆ గాలి మానకపోతే మందులు పనిచేయవని చెప్పింది. బస్టాండుకు నడిచి వచ్చేటప్పుడు బాపు రెండుసార్లు ఆగాడు. రెండోసారి కరెంటు స్తంభం పట్టుకొని నిలబడి, ఎటో చూస్తూ అన్నాడు.

"నీళ్లు ఎట్లుంటయని అడిగి వచ్చిన బిడ్డా ఈ ఊరికి. గాలిని అడుగుడు యాదికి రాలె."

నేను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన. డబ్బాకు దుమ్ము పడదంటే దాన్ని అవతలి గదిలో పెట్టారు. మనిషికి పడదంటే మనిషిని ఎందుకు పెట్టకూడదు? వైర్లున్నాయి కదా.

తర్వాత ఇంజినీరు ఏదో పని మీద వచ్చినప్పుడు ఆయన్ను అడిగాను. కాంటా అంకెలను కూడా వైరు మీద లోపలి గదికి తీసుకుపోవచ్చా అని. ఎందుకు పోదు, టీవీ కంటే అదే ఆసాన్, నీడ కూడా పడదు అన్నాడు. గోడలో పెద్ద అద్దం పెడితే కాంటా మీది బండి కనిపిస్తుంది, బల్లా కుర్చీ లోపల వేసుకోవచ్చు, టీవీ వైరు పొట్టిదయితది కాబట్టి అక్షరాలు కూడా శుభ్రంగా వస్తాయి అన్నాడు. కాగితం తీసుకొని గీసి చూపించాడు. ఎవరి కోసమని అడగలేదు. బాపు దిక్కు ఒకసారి చూసి, ఉర్దూలో తనలో తానే ఏదో గొణుక్కున్నాడు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను నేరుగా సేటు దగ్గరికే పోయాను. బాపు వద్దువద్దని వెనుక వస్తున్నాడు. సేటు కుర్చీలో కూర్చొని ఎవరితోనో మాట్లాడుతున్నాడు, అది అయ్యేదాకా నిలబడి అప్పుడు చెప్పాను. డాక్టరమ్మ అన్నది చెప్పాను, ఇంజినీరు అన్నది చెప్పాను. సేటు అంతా విన్నాడు. వినడంలో ఆయనకు లోటు లేదు.

"మాట మంచిదే బిడ్డా. గని ఇప్పుడు సీజను నడుమ గోడ కొట్టుడంటే కాంటా బందువెట్టాలె. బండ్లోళ్లు పక్క మిల్లుకు పోతరు. సీజను ఒడువనియ్యి, చూద్దాం."

"డబ్బా కోసం సీజను నడుమనే కొట్టిచ్చిండ్రు గద సేటూ."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సేటు ముఖం ఎర్రబడింది. బాపు నా రెక్క పట్టుకొని బయటికి గుంజుకొచ్చాడు. అన్నం పెట్టే మనిషితో గట్లనే మాట్లాడుతరా అని దారి పొడుగునా తిట్టాడు. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చొని, ఊపిరి కుదుటపడ్డాక, అద్దం ఎంత వెడల్పు పెట్టాలన్నడు అని అడిగాడు. ఇంజినీరు గీసిన కాగితం ఇచ్చాను. చాలాసేపు చూశాడు. ఏసీ ఎదురుంగ కూసుంటే నడుము పట్టేస్తది, కుర్చీ ఈ మూలకు జరుపుకోవాలె అని వేలితో చూపించాడు.

సీజను అయిపోయింది. ఎండాకాలం మిల్లు మూతపడింది. బాపుకు నిజంగానే కొంచెం నయమయింది. పొద్దున కాలువ గట్టు దాకా నడిచిపోయి కూర్చొని వచ్చేవాడు. నాకు ఆశ పుట్టింది. ఆ గదిలో కూర్చుంటే ఇంకో ఇరవై ఏండ్లు బతుకుతాడనుకున్నాను. ఈ ఆశలో నేను ఒక్కదాన్నే లేను, బాపు కూడా ఉన్నాడు. లోపలికి పోవాలంటే బట్టల మీద నూగుండొద్దని, ఒక తెల్లంగీ అమ్మతో ఉతికించి, మడత పెట్టించి, పెట్టెలో వేరుగా దాచిపెట్టుకున్నాడు.

తొలకరి పడ్డాక జ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ ఆయాసం పోలేదు. మంచం దిగడం తగ్గింది. పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు దిండు ఆనించి కూర్చునేవాడు. నేను బయటినుంచి వచ్చినప్పుడల్లా ఒకే మాట అడిగేవాడు, సేటు గోడ కొట్టిచ్చిండా అని. లేదని చెప్పలేక, ఇంకా కనుక్కోలేదనేదాన్ని. చివరికి ఒకరోజు మిల్లుకు పోయాను.

గోడ కొట్టించి ఉంది. ఇంజినీరు గీసినట్టే పెద్ద అద్దం, లోపల బల్ల, కుర్చీ, బల్ల మీద టీవీ, పలక, కాంటా ఎర్ర అంకెల పెట్టె. అన్నీ లోపలికి చేరాయి. నా కండ్లలో నీళ్లు తిరిగాయి. సేటును ఎన్ని మాటలనుకున్నానో తలుచుకొని సిగ్గుపడ్డాను. అప్పుడు బెల్లం గంప పెద్దమనిషి చెప్పాడు. మిల్లు మూతపడ్డాక బామ్మర్ది లెక్కలు తీస్తుంటే టీవీ కూడా కాలిపోయిందట. ఇంజినీరు విప్పి చూస్తే దాంట్లోనూ దూది మాడి ఉందట. ఇంక ఏ సామానూ బయట ఉంచొద్దని సేటు అన్నీ లోపల పెట్టించాడట. టీవీ లోపలికి పోయాక దాని ముందు కూర్చునే మనిషి కూడా లోపలికి పోక తప్పదు కదా. బాపు కోసం కదలని గోడ టీవీ కోసం కదిలింది. సేటు పూర్తిగా చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు, తిట్టుకొని మరిచిపోయేదాన్ని.

ఇంటికి వచ్చి బాపుకు సగమే చెప్పాను. గోడ కొట్టిచ్చిండు, అద్దం పెట్టిచ్చిండు, నీ కుర్చీ ఏసి ఉంచిండు అన్నాను. ఏ మూలకని అడిగాడు. నువ్వు చెప్పిన మూలకే అన్నాను. బాపు ముఖంలో వెలుగు నేను మరిచిపోలేను.

"చూసినవా, ఊకె తిట్టినవు సేటును. అడిగితే ఇనే మనిషే ఆయన."

అవును బాపూ అన్నాను. టీవీ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ తర్వాత అమ్మకు కూడా చెప్పలేదు. సేటు తన కోసం గోడ కొట్టించాడన్న నమ్మకంతోనే బాపు పోయాడు. బతుకమ్మ ఇంకా రాకముందు, ఒక పొద్దున, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే. పెట్టెలోని తెల్లంగీ తొడిగి సాగనంపాం.

దినాలకు సేటు వచ్చాడు. అమ్మ ముందు నేల మీదే కూర్చున్నాడు. కండ్లు తుడుచుకున్నాడు, అవి దొంగ కన్నీళ్లని నేను అనలేను. పోయేముందు నన్ను పిలిచి, ఆ కుర్చీ ఖాళీగున్నది, నీకు పని తెలుసు, వచ్చి కూర్చోమన్నాడు. నోటిదాకా వచ్చింది, ఆ కుర్చీని నిప్పుల్లో వెయ్యమని. అమ్మ నా దిక్కు చూసింది. బాపు మీద బతికిన ఇల్లు, ఇంక నా మీద బతకాలి. సరేనన్నాను.

సీజను మొదలైన రోజు చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకొని, బాపు చూపించిన మూలకు కుర్చీ జరుపుకొని కూర్చున్నాను. అద్దం అవతల బండ్లు, అద్దం ఇవతల చల్లగాలి. టీవీ మీద అంకెలకు నీడ లేదు. ఒక్కో అంకె ఒక్కటిగా, శుభ్రంగా కనిపిస్తోంది. ఇటు పక్క చిన్న అద్దంలోంచి హాలు కనిపిస్తుంది. గింజ తీసే యంత్రాల దగ్గర ఆడవాళ్ల నెత్తులు తెల్లగా ఉన్నాయి. పొద్దంతా తప్పు లేకుండా చీటీలు కొట్టాను. ఏడుపు రాలేదు. బాపు పోయిన రోజు కూడా నేను గట్టిగా ఏడవలేదు, నాకు గుండె రాయని చుట్టాలు అనుకున్నారు.

సాయంత్రం పెద్దమనిషి బెల్లం గంపతో వచ్చాడు. హాలులో అందరికీ పంచాడు, కాంటా దగ్గర హమాలీలకు పంచాడు. నా అద్దం ముందు నుంచి గంప ఎత్తుకొని నడిచిపోతున్నాడు. నేను లేచి తలుపు తీసి బయటికి వచ్చి చెయ్యి చాపాను. ఆయన ఆగి, నా ముఖం చూసి, ఎంతో ప్రేమగా అన్నాడు.

"నీకెందుకు బిడ్డా బెల్లం? నువ్వు లోపట కూసునేదానివైతివి. నీ గొంతుల పత్తి పోదు."

నేను ఆ తలుపు దగ్గరే, చెప్పుల మధ్య కూలబడి ఏడ్చాను. ఇన్నాళ్లు ఏడవనిదంతా ఏడ్చాను. ఆయన భయపడి గంప దించి, ఒకటికి రెండు ముక్కలు నా చేతిలో పెట్టి మూత పెట్టినట్టు నా వేళ్లు మూశాడు. బామ్మర్ది బయటికి వచ్చి, తలుపు తెరిచి ఉంది, దుమ్ము పోతాంది అన్నాడు. నేనే లేచి తలుపు మూశాను.

ఆ గదిలో చాలా ఏండ్లు పని చేశాను. మా బాపు అడిగి తెచ్చిన నీళ్లు తాగాను, నేను ఆయన కోసం అడిగిన గాలి పీల్చాను. నాకు ఒక్కనాడు కూడా దగ్గు రాలేదు.